‘ఫైన్ కట్టేస్తే పోతుంది’ అనుకునే ముందు

కోర్టు వరండాలో తరచూ వినిపించే సలహా ఒకటుంది: “తప్పు ఒప్పేసుకో, ఫైన్ కట్టెయ్, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు.” జైలుకెళ్లక్కర్లేదు, నిజమే. కానీ అలా ఒప్పుకుంటే కోర్టు మిమ్మల్ని దోషిగా తేల్చినట్టే. రేపు కొత్త ఉద్యోగంలో అటెస్టేషన్ ఫారం చేతికిస్తే, ‘ఏ కేసులోనైనా శిక్ష పడిందా?’ అన్నచోట ‘అవును’ అని రాయాల్సిందే. అందుకే జైలు తప్పించే ఏ దారి రికార్డులో ఏం మిగులుస్తుందో ముందే లాయర్ని అడగండి.

రాజీ: చిన్న దెబ్బలాట, పరువు నష్టం లాంటి రాజీపడదగ్గ కేసులో అవతలివాళ్లు ఒప్పుకుంటే మొదట చూడాల్సింది ఇదే. లోక్ అదాలత్‌లోనూ తేల్చుకోవచ్చు. రాజీ కుదిరితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే.

ప్రొబేషన్: నేరం రుజువైనా, అది మరణశిక్షో యావజ్జీవమో పడేది కాకపోతే, 1958 నాటి చట్టం కింద సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదిలేయమని కోర్టును కోరవచ్చు. బాండు గడువు మూడేళ్లు దాటదు. ఇదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం దోషిగా తేలినందువల్ల వచ్చే అనర్హత మీకు అంటదు. ఆ సెక్షన్ మాట తీర్పులో రాయమని అడగండి. అయితే మీ ప్రవర్తనపై శాఖాపరమైన చర్యను ఇది ఆపదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది.

సమాజ సేవ: 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దీన్ని ఆరు నేరాలకే పెట్టింది. తాగి నలుగురిలో గొడవ చేయడం, 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగిచ్చేయడం వాటిలో ఉన్నాయి. కూలి రాదు. జైలు తప్పినా ఇదీ శిక్షే, రికార్డులో ఉంటుంది.

ఇవన్నీ కోర్టులో దొరికే దారులు. అంతకుముందే పోలీసుల నోటీసు వస్తే దాక్కోకండి. హాజరు కాకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగి కస్టడీలో 48 గంటలు దాటితే సస్పెండ్ అయినట్టే లెక్క.

అటెస్టేషన్ ఫారంలో అడిగింది దాచొద్దు. చిన్న కేసైతే యాజమాన్యం చూసీచూడనట్టు వదిలేయవచ్చు. కానీ దాచినందుకు ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు తీర్పు నడిచింది ఈ దారిలోనే.

లాయర్ ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. కేసు ముగిశాక తీర్పు సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి. వెరిఫికేషన్‌లో చెల్లేది ఆ కాగితమే.