ఒక్కడి కోసం మారిన రూల్స్

మన బాస్కెట్‌బాల్ కోర్టులో రింగ్ ముందు రంగు వేసిన దీర్ఘచతురస్రం ఉంటుంది కదా, దాని వెడల్పు దాదాపు 16 అడుగులు. 1951కి ముందు అమెరికా ప్రొఫెషనల్ ఆటలో అది 6 అడుగులే. దాన్ని ఒక్కసారిగా 12 చేశారు. కారణం ఒకే ఒక్క ఆటగాడు, జార్జ్ మైకన్.

1924లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జోలియెట్‌లో పుట్టాడు. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు, కళ్లకి దళసరి అద్దాలు. ఇంత పొడుగువాళ్లు సరిగా కదల్లేరు, ఆటకి పనికిరారు అనేది అప్పటి కోచ్‌ల లెక్క. షికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో రే మేయర్ అనే కోచ్ అలా అనుకోలేదు. అతనితో స్కిప్పింగ్ చేయించాడు, బాక్సింగ్ చేయించాడు, చివరికి డాన్స్ కూడా నేర్పించాడు! రింగ్ కింద నిలబడి కుడిచేత్తో ఒక షాట్, బంతి కింద పడకుండా పట్టుకుని వెంటనే ఎడమచేత్తో ఇంకో షాట్. దీన్నే ఇప్పటికీ మైకన్ డ్రిల్ అంటారు. మన టీమ్ వాళ్లలో కొందరు పేరు తెలియకుండానే చేస్తూ ఉండొచ్చు.

కాలేజీ రోజుల్లో మైకన్ రింగ్ దగ్గర కాపు కాసి, లోపలికి దిగుతున్న బంతిని చేత్తో కొట్టేసేవాడు. 1944లో అది తప్పు అని రూల్ పెట్టారు. (ఇందులో బాబ్ కర్లండ్ అనే ఏడడుగుల మనిషికీ వాటా ఉంది.) తర్వాత మినియాపోలిస్ లేకర్స్‌లో ఏడు సీజన్లలో ఆరు టైటిళ్లు. ఆ రాష్ట్రం నిండా సరస్సులే కాబట్టి ఆ పేరు. టీమ్ లాస్ ఏంజిలిస్ వెళ్లినా పేరు మాత్రం మారలేదు. రింగ్ ముందున్న ఆ గడిలో అటాకింగ్ టీమ్ వాళ్లు మూడు సెకన్లకి మించి నిలబడకూడదు. గడి వెడల్పయితే మైకన్ రింగ్‌కి దూరం జరగాలి. అనుకున్నట్టే సగటు 28.4 పాయింట్ల నుంచి 23.8కి పడింది. కానీ ఆ ఏడాది టైటిల్ మళ్లీ లేకర్స్‌దే!

అసలు కథ 1950 నవంబర్ 22న జరిగిన మ్యాచ్‌ది. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ మైకన్‌ని ఆపలేమని తెలిసి, బంతి దొరకగానే దాచుకుని కూర్చుంది. షాట్ కొట్టరు, బంతి వదలరు. అప్పటి రూల్స్ ప్రకారం అది తప్పు కాదు మరి. జనం అరిచి గోల చేశారు. 48 నిమిషాల ఆటలో ఫైనల్ స్కోర్ 19–18, గెలుపు పిస్టన్స్‌ది. లేకర్స్ చేసిన 18లో 15 మైకన్‌వే.

ఇలా సాగదీసే మ్యాచ్‌లతో లీగ్ బతకదని చివరికి అందరికీ అర్థమైంది. సిరక్యూస్ టీమ్ ఓనర్ డానీ బయసోన్ లెక్క మన ఫస్టియర్ వాళ్లు కూడా చేయగలరు. మంచి మ్యాచ్‌లో ఒక్కో టీమ్ సుమారు 60 షాట్లు కొడుతుంది, అంటే మొత్తం 120. 48 నిమిషాలంటే 2880 సెకన్లు. భాగిస్తే 24. అంతే, 1954లో 24 సెకన్ల షాట్ క్లాక్ వచ్చేసింది. ఒక్కో టీమ్ సగటు స్కోరు దాదాపు 79 నుంచి 93కి లేచింది.

ఆ సీజన్ మొదలయ్యేలోపే మైకన్ రిటైరయ్యాడు. 1956లో తిరిగొచ్చి 37 మ్యాచ్‌లు ఆడాడు గానీ, సగటు పదిన్నర పాయింట్లే. ఆట వేగం అతన్ని దాటిపోయింది. తర్వాత లాయర్‌గా పనిచేశాడు. 1967లో ఏబీఏ అనే పోటీ లీగ్‌కి తొలి కమిషనర్ అయ్యాడు. ఆ లీగ్‌లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల బంతి అతని ఆలోచనే. మూడు పాయింట్ల గీతకి జనంలో పేరొచ్చింది కూడా ఆ లీగ్ వల్లే.

చివరి రోజులు మాత్రం చదువుతుంటే బాధేస్తుంది. షుగర్ వ్యాధి వల్ల 2000లో ఒక కాలు తీసేశారు, తర్వాత డయాలసిస్. 1965కి ముందు రిటైరైన ఆటగాళ్లకి లీగ్ ఇచ్చే పెన్షన్ చాలా తక్కువ. దాన్ని పెంచమని తనలాంటి పాత ఆటగాళ్ల తరఫున పోరాడాడు. కోర్టులో అతన్ని ఆపడానికి రూల్ మార్చడం ఎంత తేలికైందో, ఈ ఒక్క రూల్ మార్చడం అంత కష్టమైంది. అతను బతికుండగా అది జరగలేదు. 2005 జూన్ 1న చనిపోయాడు. అంత్యక్రియల ఖర్చు పెట్టుకున్నది షకీల్ ఓనీల్. లేకర్స్‌కి మూడు టైటిళ్లు తెచ్చిన సెంటర్, అప్పటికి ఆ టీమ్‌లో కూడా లేడు.