ఇంజను చట్రమునకు మెరుగులు

ప్రశ్న: నాలుగు మిల్లీమీటర్ల స్కేలులో బ్రిటిష్ ఆవిరి ఇంజను కిట్టు కూర్చుచున్నాను. ఇత్తడి చట్రమునకు బ్రేకులు అతికింపగా పాత అతుకులు ఊడినవి. పట్టాలపై నిలుపగానే షార్టగుచున్నది. ఏమి చేయవలెను?

జవాబు: చట్రమును 188 డిగ్రీలకు కరుగు టంకముతో కూర్చి, చిన్న భాగములను 145 డిగ్రీల టంకముతో అతికించినచో రెండవ వేడికి మొదటి అతుకు చలింపదు. ఇక, ఇరువైపుల లోహపు బ్రేకుదిమ్మలు చక్రములను తాకినచో విద్యుత్తు చట్రము మీదుగా ఒక పట్టానుండి రెండవదానికి పారును గావున, నడుమ అర మిల్లీమీటరు ఎడముంచుడు. అది కుదరనిచోట ప్లాస్టిక్ దిమ్మలే మేలు. దిమ్మలు తీసినను షార్టు పోనిచో, చక్రముల ఇన్సులేషనును అనుభవజ్ఞునిచే పరీక్ష చేయింపుడు.