నిర్ణయాలయ్యాకే హెచ్‌ఆర్ గుర్తొస్తే...

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ మందుల కంపెనీలో హెచ్‌ఆర్ మేనేజర్‌ని. కొత్త ప్లాంటు సంగతులన్నీ తేల్చేశాక ‘మనుషుల్ని చూడండి మేడమ్’ అంటారు. వ్యూహరచనలో నాకు చోటెలా దొరుకుతుంది?

జవాబు: పిలుపు కోసం కాచుక్కూర్చుంటే రాదండీ. ప్లాంటు ఫైలు తెప్పించుకుని మీ వైపు లెక్క వెయ్యండి. మొదటి బ్యాచ్ ఎప్పుడు? దానికి క్వాలిటీ కెమిస్టులు ఎంతమంది? వాళ్ల నోటీసు పీరియడ్ మూణ్నెల్లయితే ఆఫర్ లెటర్లు ఏ నెలలో వెళ్లాలి? ఆలస్యమైతే నెలకి పోయే అమ్మకమెంత? ఈ ఒక్క పేజీనీ ఫైనాన్స్ హెడ్‌కి ముందే చూపించి, అంకెలు సరిచేసుకుని మీటింగులో పెట్టండి. తేదీ, డబ్బు ముడిపడ్డ మాటని తోసిపుచ్చడం కష్టం.

హెచ్‌ఆర్ నుంచి పై కుర్చీకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. మేరీ బర్రా 2009లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌కి హెచ్‌ఆర్ అధిపతి అయ్యారు. పది పేజీల దుస్తుల నియమావళిని రెండు ముక్కలకి కుదించారు: తగినట్టు వేసుకోండి, అంతే. 2014లో సీఈవో. అయితే ఆవిడ ఇంజినీరు, ప్లాంటు నడిపిన మనిషి. లీనా నాయర్ మాత్రం హెచ్‌ఆర్‌లోనే ఎదిగారు. యూనిలీవర్ నుంచి 2022లో ఫ్యాషన్ సంస్థ షనెల్‌కి సీఈవోగా వెళ్లారు. తలుపు మూసిలేదన్నమాట.

ఇంకోటి. పుట్టినరోజు కేకులు, ముగ్గుల పోటీలు ‘ఆడవాళ్లు కదా’ అని మీకే అంటగడుతుంటే, వచ్చే నెల నుంచే అడ్మిన్‌కి అప్పగించెయ్యండి.