విద్యుదయస్కాంతానికి ఏ కడ్డీ మంచిది?

ఇనుప మేకుకు రాగితీగ చుట్టి, టార్చి సెల్‌కు కలిపి, గుండుసూదులు ఎత్తిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మరి మేకే ఎందుకు? రాగి కడ్డీ పనికిరాదా? ఉక్కు ఇనుముకంటే గట్టిది కదా, అది ఇంకా బాగా ఎత్తదా?

1825లో ఇంగ్లండులో విలియం స్టర్జియన్ గుర్రపు లాడంలా వంచిన ఇనుప కడ్డీకి వార్నిష్ పూసి, దానిపై రాగితీగను 18 చుట్లు చుట్టాడు. సుమారు 200 గ్రాముల ఆ ఇనుము 4 కిలోగ్రాముల బరువును ఎత్తింది. విద్యుత్తు ఆపగానే బరువు జారిపోయింది. ఎత్తడం ఎంత ముఖ్యమో, వదలడమూ అంతే ముఖ్యం. వదలకపోతే విద్యుత్ గంట ఒక్కసారి కొట్టి ఆగిపోతుంది!

ప్రయోగం

10 సెంటీమీటర్ల మేకు సులభంగా దూరేటట్లు 5 సెంటీమీటర్ల కాగితపు గొట్టం చేయండి. దానిపై 30 గేజి ఎనామెల్ రాగితీగను ఒకే వైపుగా 100 చుట్లు చుట్టండి. రెండు కొనల మీది ఎనామెల్‌ను గరుకు కాగితంతో గీకివేయండి.

ఇప్పుడు గొట్టంలో ఒకదాని తరువాత ఒకటిగా కర్ర పుల్ల, రాగి కడ్డీ, ఇనుప మేకు, అంతే మందమున్న స్క్రూడ్రైవర్ ఉక్కు కడ్డీ పెట్టండి. ప్రతిసారీ ఒక 1.5 వోల్టుల సెల్‌కు కలిపి ఎన్ని గుండుసూదులు లేచాయో, విడదీశాక ఎన్ని మిగిలాయో పట్టిక రాయండి. 5 సెకన్లకు మించి కలిపి ఉంచవద్దు. తీగ వేడెక్కుతుంది, సెల్ నీరసిస్తుంది. చివర మేకును మళ్ళీ పరీక్షించండి. మొదటికన్న తక్కువ ఎత్తితే సెల్ బలం తగ్గిందన్నమాట. ఇంటి కరెంటుకు మాత్రం ఎన్నడూ కలపవద్దు.

ఎందుకిలా?

కర్ర, రాగి ఉన్నా లేకున్నా ఒకటే. ఇనుములో అతి చిన్న అయస్కాంత ప్రదేశాలు ఉంటాయి. మామూలుగా అవి తలో దిక్కు చూస్తాయి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించగానే ఒకే దిక్కుకు తిరిగి, చుట్ట బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. మెత్తని ఇనుములో ఇవి సులభంగా తిరుగుతాయి, సులభంగా చెదురుతాయి. గట్టి ఉక్కులో తిరగడమూ కష్టమే, చెదరడమూ కష్టమే. అందుకే స్క్రూడ్రైవర్ కొన్ని సూదులను వదలకుండా పట్టుకుంటుంది. శాశ్వత అయస్కాంతానికి ఇది మంచి గుణం. మనకు మాత్రం లోపం.

పాత రేడియోలోని నల్లని ఫెర్రైట్ కడ్డీ బాగా వదులుతుంది. కాని అది ఇముడ్చుకోగల అయస్కాంత బలం ఇనుముకన్న చాలా తక్కువ.

మేకును మెత్తబరచడం

బజారు మేకు కూడా కొద్దిగా కార్బన్ ఉన్న ఉక్కే. చల్లగా ఉన్న తీగను లాగి చేస్తారు కనుక గట్టిపడి ఉంటుంది. పెద్దల సాయంతో దాన్ని బొగ్గుల కుంపటిలో ఎర్రగా కాల్చి, నిప్పులోనే నెమ్మదిగా చల్లారనివ్వండి. జింకు పూత ఉన్న మేకును కాల్చకండి. దాని పొగ హానికరం. చల్లారిన మేకును మళ్ళీ పరీక్షిస్తే, మిగిలే సూదులు తగ్గుతాయి. లోపలి బిగువు సడలి, ప్రదేశాలు స్వేచ్ఛగా కదలడమే ఇందుకు కారణం.

ఆలోచించండి

ఎర్రగా కాలుతున్న మేకును అయస్కాంతం ఆకర్షిస్తుందా? ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఏమవుతుందో మీ ఉపాధ్యాయునితో చర్చించండి.