ఒడిలో కుంపటి: లాప్‌టాప్ వేడిమి, లినక్స్‌లో ఫ్యాను నియంత్రణ

గత విద్యాసంవత్సరమున మా తెలుగు తరగతిలో ఒక విద్యార్థి లాప్‌టాప్ ఫ్యాను హోరు పాఠమునకు అడ్డు వచ్చుచుండగా, దానిని తగ్గించు ఉపాయమును మేమే చెప్పితిమి. అది స్కాలర్‌షిప్ సొమ్ముతో కొన్న పాత థింక్‌ప్యాడ్, లోపల లినక్స్. మేము చెప్పినట్లే అతడు ఫ్యానును రెండవ మెట్టున నిలిపెను. ఆ రాత్రి అదే యంత్రముపై సూపర్ టక్స్ కార్ట్ అను పందెపు ఆట ఆడుచుండగా తెర ఒక్కసారిగా ఆరిపోయినది. ప్రక్కనే తెరచియుంచిన ప్రాజెక్టు వ్యాసములో భద్రపరచని నాలుగు పుటలు పోయినవి. దోషము మాది. కావున ఈ విషయమును మొదటినుండి తెలిసికొని వ్రాయుట మా విధి యని తలచితిమి.

ఆట ఆడునప్పుడు ప్రాసెసరును, చిత్రములు గీయు గ్రాఫిక్స్ భాగమును నిండు శ్రమ పడును. ఆ వేడిమి రాగి గొట్టముల ద్వారా పలుచని లోహపు రేకులను చేరును. రేకుల మధ్యనుండి ఫ్యాను గాలిని తోయును. గొట్టము వట్టి రాగి కాదు. అందు కొద్దిపాటి ద్రవము ఒక కొనయందు ఆవిరియై, మరొక కొనయందు చల్లబడి తిరిగి వచ్చుచుండును. కాగుతున్న గిన్నె మూతకు చెమ్మ పట్టుట చూచినవారికి ఇది వింత కాదు. ఫ్యాను చాలనిచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అందుకే ఆట నత్తనడక నడచును. అనేక ఇంటెల్ ప్రాసెసర్లకు ఈ హద్దు సుమారు 100 డిగ్రీలు. అప్పటికిని తగ్గక ప్రమాదపు హద్దు దాటినచో యంత్రమే ఆరిపోవును.

లినక్స్‌లో వేడిమిని చూచుటకు ఎల్ఎం సెన్సర్స్ అను సాధనము కలదు. కెర్నెల్ చూపు ఫైళ్లను నేరుగా చదివినచో డిగ్రీలో వెయ్యవ వంతులలో కనబడును: 87000 అనగా 87 డిగ్రీలు. మొదట ఆ అంకె చూచి మేము బెదిరిన మాట దాచనేల?

సాధారణముగా యంత్రములోని ఒక చిన్న నియంత్రకమే ఫ్యానును నడుపును. ఆ పగ్గములు అన్ని లాప్‌టాప్‌లలో లినక్స్‌కు అందవు. అందినచోట ఫ్యాన్‌కంట్రోల్ అను ప్రోగ్రాము 0 నుండి 255 వరకు గల మెట్లలో వేగమును ఉష్ణోగ్రతకు తగినట్లు మార్చును. థింక్‌ప్యాడ్‌లలో 0 నుండి 7 వరకు మెట్లు, వేరుగా 'ఆటో' పద్ధతి. ఈ అధికారము మొదట మూసియే యుండును. మాడ్యూల్‌కు ఫ్యాన్ కంట్రోల్ విలువ 1 అని ఇచ్చినగాని తెరువబడదు. ఎందుకు మూసిరో ఆ రాత్రి తరువాతనే మాకు బోధపడినది. చేతితో నిలిపిన మెట్టు వేడిమిని చూడదు. ఎంత కాగినను రెండు రెండే. వాచ్‌డాగ్ అను కావలికి గరిష్ఠముగా 120 సెకన్ల గడువు పెట్టవచ్చును. ఆలోగా కొత్త ఆజ్ఞ రానిచో అది ఫ్యానును ఆటో పద్ధతికి మరల్చును. దానిని పెట్టుమని మేము చెప్పలేదు.

అసలు ఫ్యానుతో పోరుటకంటె వేడిమి పుట్టుకనే తగ్గించుట మేలని మా అభిప్రాయము. ప్రాసెసరు వ్యయపరచు విద్యుత్తు దాని వేగమును, వోల్టేజి వర్గమును అనుసరించి పెరుగును. వేగము హెచ్చినకొలది వోల్టేజియు హెచ్చవలెను గనుక, టర్బోను ఆపినచో వేగము తగ్గినదానికంటె వేడిమి ఎక్కువగా తగ్గును. తెర సెకనుకు 60 చిత్రములే చూపగలిగినపుడు ఆట 150 గీయుట దండుగ. ఆట అమరికలలో 60కి కట్టడి చేయవలెను. పరుపుపై యంత్రమును పెట్టినచో అడుగున గాలి పీల్చు రంధ్రములు మూసికొనును. దుమ్ము ఊదునప్పుడు ఫ్యాను రెక్కలు తిరుగకుండ పట్టుకొనవలెను.

ఆ విద్యార్థి యంత్రమును విప్పి చూడగా రేకుల మధ్య దుమ్ము దళసరి గుడ్డవలె పేరుకొని యున్నది. దానిని తీసి, ఫ్యానును ఆటోకు మరల్చి, 60 కట్టడి పెట్టి, అదే ఆటను అరగంట ఆడించి చూచితిమి; 74 డిగ్రీలు దాటలేదు. హోరు మాత్రము పూర్తిగా పోలేదు. తరగతిలో అతనిని కిటికీ ప్రక్క బల్లకు మార్చితిమి. పోయిన పుటలను అతడు మరల వ్రాయుచుండగా రెండు సాయంత్రములు ప్రక్కన కూర్చుంటిమి.