డి.ఎన్.ఏ. లెక్క - మన చుట్టరికం

వంశవృక్షం గీయమంటే మనలో ఎక్కువమందిమి తాత పేరు దగ్గరే ఆగిపోతాం. పట్టా భూములున్న ఇళ్లలో పాత కాగితాలు దొరుకుతాయి. కూలికి పోయినవాళ్ల ఇళ్లలో అవ్వ చెప్పే మాటే కాగితం. అందుకే ఉమ్మి పంపితే చుట్టాల జాబితా ఇచ్చే డి.ఎన్.ఏ. పరీక్ష గురించి విన్నప్పుడు మాకూ ఆశ పుట్టింది. కానీ ఆ జాబితాను చదవడం రాకపోతే ఎవరి తాతనో మన తాత అనుకునే ప్రమాదం ఉంది.

ఇద్దరిలో ఒకేలా ఉన్న డి.ఎన్.ఏ. ముక్కలను సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. తల్లికీ బిడ్డకూ సుమారు 3,400, తోడబుట్టినవాళ్లకు సగటున 2,600 వస్తాయి. చిన్నాన్న పిల్లలైనా, మేనత్త పిల్లలైనా 870 దరిదాపు. మనకు ఒకరు తమ్ముడు, మరొకరు బావ. డి.ఎన్.ఏ.కు ఆ వరసలు తెలియవు! తాతలు అన్నదమ్ములైతే 230, ముత్తాతలు అన్నదమ్ములైతే 70 సగటు. ఈ చివరి వరసలో పదిమందిలో ఒకరికి అసలు ఏమీ కలవకపోవచ్చు. అంతమాత్రాన చుట్టం కాదని కాదు.

ఇక ఉమ్మడి చుట్టాల సంగతి. మనకు శేఖర్ కలిశాడు, పద్మ కలిసింది, వాళ్లిద్దరూ ఒకరికొకరు కలిశారు అనుకుందాం. ముగ్గురికీ ఒకే ముత్తాత అని సంబరపడతాం. అలా కానక్కరలేదు. శేఖర్ మన నాన్న వైపు, పద్మ అమ్మ వైపు కావచ్చు. వాళ్లిద్దరి మధ్య మనకు సంబంధం లేని మూడో చుట్టరికం ఉండవచ్చు. ప్రతి క్రోమోజోమూ మనలో జంటగా ఉంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. కనుక చోటు ఒకటే అయినా చాలదు. ఆ చోట ముగ్గురూ ఒకరితో ఒకరు కలిస్తేనే ఆధారం గట్టిది.

అమెరికాలో డానా లీడ్స్ 2018లో ఒక తేలిక పద్ధతి చూపారు. తమలో తాము కలిసే చుట్టాలకు ఒకే రంగు వేస్తూ పోతే సాధారణంగా నాలుగు గుంపులు తేలతాయి. అవి అవ్వాతాతలు నలుగురివి. మన దగ్గర ఈ రంగులు కలిసిపోతాయి. కారణం మేనరికం. మేనత్త కొడుకును చేసుకున్నామె బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిదిమంది బదులు ఆరుగురే. దానికి తోడు కులం లోపలే తరతరాల పెళ్లిళ్లు. హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009, 2017 పరిశోధనలు ఈ సంగతిని బయటపెట్టాయి. రెండో దానిలో పరిశీలించిన 260కి పైగా సమూహాల్లో 81 ఫిన్లాండ్ ప్రజలకంటే కూడా ఎక్కువగా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవని తేలింది. దూరపు దారులు పది కలిసి దగ్గరి చుట్టంలా కనిపిస్తాయన్నమాట.

ఇది ఊరికే వాదన కాదు. 1860 నుంచి 1911 వరకు లక్షా యాభై వేలమందికి పైగా కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఓడలెక్కారు. వారిలో విశాఖ వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు రాశారు. ఆ కూలీ మునిమనవడికి శ్రీకాకుళంలో ఒకరితో 70 కలిసిందనుకోండి. ముత్తాత తమ్ముడి సంతతి దొరికిందని ఉత్తరం రాసేస్తే, నిజానికి అది ఏడెనిమిది తరాల వెనుక నాలుగైదు చోట్ల కలిసిన చుట్టరికం కావచ్చు. అప్పుడు మొత్తం కాదు, అన్నిటికంటే పొడవైన ముక్క చూడాలి. 70లో ఒకే ముక్క 45 ఉంటే దగ్గర తరం అనుకోవచ్చు. ఏడేసి, ఎనిమిదేసి ముక్కలుగా ఉంటే తొందరపడకూడదు. ఏడుకు లోపు ముక్కలను లెక్కలోకే తీసుకోకపోవడం మంచిదని మా అభిప్రాయం.

ఏ వైపు చుట్టమో తేల్చడానికి తెలిసిన పిన్నో, మేనత్తో పరీక్ష చేయించుకుంటే సగం చిక్కు తీరుతుంది. వారి ఇష్టం అడిగి మాత్రమే చేయించాలి. ఇంట్లో దాచుకున్న విషయాలు కూడా ఈ జాబితాలో బయటపడతాయి. కానీ ఎవరు ఎవరి కూతుర్ని చేసుకున్నారో ముందు అవ్వను అడగాలి. ఖర్చు ఒక నోటుబుక్కే. మొన్న సెలవుల్లో మాలో ఒకరి అవ్వ పుట్టినింటి వైపు, మెట్టినింటి వైపు కలిపి తొమ్మిది పేర్లు చెప్పింది. రాసి చూస్తే వాటిలో మూడు రెండు వైపులా ఉన్నాయి.