గడ్డం గీస్తే పొక్కులు: మీ ఉత్తరాలకు జవాబులు

మాలలు తీసే రోజులు, పెళ్లి ముహూర్తాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చేసరికి గడ్డం మీద ఉత్తరాలు పెరిగాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ప్రైవేటు బ్యాంకులో పని. రోజూ నున్నగా గడ్డం గీసుకుని వెళ్లాలి. దవడ కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు, దురద. ఏటా అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు పూర్తిగా తగ్గిపోతాయి. మాల తీసి గడ్డం తీయించుకున్న వారానికే మళ్లీ మొదలు. దీక్షలో ఏదో అపచారం జరిగిందని మా అమ్మ దిగులు పడుతోంది. ఏ సబ్బు వాడమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఈ జవాబు మీ అమ్మగారికి చదివి వినిపించండి. అపచారమూ లేదు, దోషమూ లేదు. మాల ఉన్నన్నాళ్లూ తగ్గిందంటే ఆ 41 రోజులూ మీ చర్మానికి రేజర్ తగల్లేదు, అంతే. మీ జబ్బుకు అసలు మందు ఏమిటో ఆ దీక్షే మీకు ఏటా చూపిస్తోంది.

జరిగేది ఇది. మీ గడ్డం వెంట్రుక ఉంగరం తిరిగే రకం అయి ఉంటుంది. బ్లేడుతో కోసినప్పుడు దాని కొస, ఏటవాలుగా నరికిన వెదురు ముక్కలా, వాడిగా తయారవుతుంది. కాస్త పెరగగానే వంపు తిరిగి పక్కనే ఉన్న చర్మంలోకి గుచ్చుకుంటుంది. సొంత వెంట్రుకే అయినా లోపలికి దిగాక శరీరం దాన్ని ముల్లుగానే చూస్తుంది. అందుకే వాపు, ఎరుపు, ఒక్కోసారి చీము. ఇంకో దారి కూడా ఉంది. చర్మాన్ని వేళ్లతో సాగదీసి గీస్తే, లేదా మూడు నాలుగు బ్లేడ్ల రేజర్‌తో గీస్తే, వెంట్రుక పైకి లాగబడి తెగి, మిగిలిన మొదలు చర్మం కిందికి జారిపోతుంది. అది బయటికి రాకుండానే లోపల గోడను పొడుచుకుని పక్కకు పెరుగుతుంది. ఎంత నున్నగా గీస్తే అంత బాధ. చర్మం మురికిగా ఉండి వచ్చే జబ్బు కాదు కాబట్టి సబ్బు మారిస్తే పోదు. ఇప్పుడు వాడుతున్నదే వాడండి.

గడ్డం రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు దాకా పెరుగుతుంది. నెల రోజులు వదిలేస్తే సెంటీమీటరు. ఆ పొడవు వచ్చేసరికి గుచ్చుకున్న వెంట్రుక తన బిగువుకు తానే బయటికి లేచి వస్తుంది. మాలలో మీకు జరిగింది ఇదే. కాబట్టి మూడు నాలుగు వారాలు రేజర్ ముట్టవద్దు. మొదటి వారం దురద పెరుగుతుంది, చాలామంది ఓర్చుకోలేక గీసేది అప్పుడే. ఆ వారం గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన బట్టను రోజుకు రెండుమూడు సార్లు పది నిమిషాలు అద్దండి. ఉంగరంలా పైకి కనిపిస్తున్న వెంట్రుక ఉంటే స్పిరిట్‌తో తుడిచిన సూదితో దాని కొసను మెల్లగా బయటికి లేపండి, చాలు. పీకవద్దు. పీకిన చోట కొత్త వెంట్రుక మళ్లీ లోపలే గుచ్చుకుంటుంది.

బ్యాంకులో ఒప్పుకోరేమోనని మీ భయం. మీరు రాయలేదు గానీ ఉత్తరం నిండా అదే ఉంది. చర్మ వైద్యుడి దగ్గర చీటీ రాయించుకుని పై అధికారికి చూపించండి. ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు గడ్డం వదిలి కత్తిరించుకుంటే ముఖం శుభ్రంగానే ఉంటుంది, ఖాతాదారుల ముందు నిలబడడానికి ఏ లోటూ ఉండదు. గుచ్చుకోవడానికి కావలసిన వాడి కొస మాత్రం చర్మం మట్టానికి దిగదు. చాలామందికి జీవితాంతం ఈ ఒక్క మార్పు సరిపోతుంది.

ఎప్పుడైనా రేజరే వాడక తప్పకపోతే స్నానం అయ్యాక, వెంట్రుక నానాక గీసుకోండి. జెల్ గానీ క్రీము గానీ రాసి రెండు మూడు నిమిషాలు ఆగండి. ఒకే బ్లేడు ఉన్న రేజర్, లేదా చర్మానికి అడ్డు ఉండే రకం మేలు. మెడ మీద వెంట్రుకలు అన్నీ ఒక వైపుకు పెరగవు. ముందు వేళ్లతో తడిమి, ఏ వైపు వాలు ఉందో చూసుకుని ఆ వైపుకే గీయండి. చర్మం సాగదీయవద్దు, నొక్కవద్దు, ఒకసారి గీసిన చోట రెండోసారి గీయవద్దు. ఎదురు గీత అసలే వద్దు. తర్వాత చన్నీటి బట్ట అద్ది, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాయండి. మంట పుట్టించే ఆఫ్టర్‌షేవ్ పక్కన పెట్టండి. వచ్చే ఏడు మాల తీశాక సెలూన్‌లో కూర్చుని ‘బాగా నున్నగా’ అని మాత్రం అడగకండి. ట్రిమ్మర్‌తో తీయమనండి.

ప్రశ్న: గీసుకున్నాక పటిక రాయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇంట్లో మీ సొంత పటిక అయితే రాయవచ్చు. చిన్న గాటు పడితే రక్తం ఆగుతుంది. పొక్కులు మాత్రం దానితో తగ్గవు. సెలూన్‌లో అందరి ముఖాలకూ రాసే ముక్కను మీ ముఖం మీద పడనివ్వకండి. హెపటైటిస్-బి రక్తం ద్వారా సోకే జబ్బు. బ్లేడు కూడా మీ కళ్ల ముందే కాగితం విప్పి వేయించుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

ప్రశ్న: వయసు 24. గడ్డం కింద పొక్కులకు మెడికల్ షాపు అన్న ఒక క్రీము ఇచ్చాడు. రెండు రోజుల్లో మాయమయ్యాయి, ముఖం కూడా తెల్లబడింది. ఏడాదిగా రాస్తున్నాను. ఇప్పుడు రాయడం మానేస్తే రెండో రోజుకే ముఖం ఎర్రబడి మండుతోంది. ఎండలోకి వెళ్లలేకపోతున్నాను. వీడియోల్లో చూసి నిమ్మరసం, టూత్‌పేస్టు కూడా రాశాను. ఇంకొంచెం పవర్ ఉన్న క్రీము పేరు చెప్పండి.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, హనుమకొండ

జవాబు: చెప్పను బాబూ. నువ్వు అడిగిన ‘పవర్’ వల్లే నీ ముఖం ఇలా తయారైంది.

నువ్వు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందనిపిస్తోంది. ఇంట్లో ఖాళీ ట్యూబు ఉంటే తిప్పి చూడు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లు ఉంటాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. సోరియాసిస్‌కు, ఎగ్జిమాకు, తగిన మోతాదులో, తగినన్ని రోజులు వైద్యులం మేమే రాస్తాం. పొక్కులు బాగా వాచినప్పుడు తేలిక రకం కొద్ది రోజులు ఇవ్వడమూ ఉంది. కానీ ముఖం చర్మం పలచన. అక్కడ గట్టి స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే చర్మం కాగితంలా అవుతుంది, కింది రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, మీసం గడ్డం లేని చోట కూడా వెంట్రుకలు మొలుస్తాయి. మానేసిన మరుక్షణం మంట. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తావు. అలా ఏడాది గడిచిపోయింది. మొదటి రెండు రోజుల్లో పొక్కులు మాయమైనప్పుడు లోపల వెంట్రుక గుచ్చుకునే ఉంది. వాపు ఒక్కటే అణిగింది. నీ గడ్డంలో తామర గానీ ఉంటే దానికీ ఇదే జరుగుతుంది. పైకి దురద తగ్గినట్టుంటుంది, కింద తామర పాకుతూ పోతుంది. అలా ముదిరిన తామర కేసులు ఈ దేశంలో ప్రతి చర్మ వైద్యుడూ రోజూ చూస్తున్నాడు.

ఈ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం వాటిని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా షాపులో చెయ్యి చాపితే దొరుకుతున్నాయి. దీని మీద నాకు చాలా కోపం ఉంది, దాచుకోను. అమ్మే అన్నకు నీ ముఖం మీద బాధ్యత లేదు. వీడియో తీసినవాడికి అసలే లేదు. నిమ్మరసం ఆమ్లం, పొక్కు పగిలిన చర్మం మీద పడి ఎండ తగిలితే కాలి నల్లమచ్చ పడుతుంది. టూత్‌పేస్టు పళ్లకు తయారు చేసింది. కోట్ల మంది చూశారు గనుక మందు అయిపోదు.

ఇప్పుడు చేయవలసింది విను. ఆ క్రీమును నీకు నువ్వే ఒక్కసారిగా ఆపేసి ఇంట్లో మంటతో పోరాడకు. ఈ వారంలోనే చర్మ వైద్యుడి దగ్గరకు ట్యూబు పట్టుకుని వెళ్లు. ఎంతకాలం రాశావో దాచకుండా చెప్పు. ఎలా తగ్గించి మానాలో, మధ్యలో ఏది వాడాలో ఆయన చూస్తారు. చర్మం కోలుకోవడానికి నెలలు పడుతుంది. కోలుకుంటుంది. అన్ని నెలలూ గోరువెచ్చటి నీళ్లు, ఘాటు లేని మాయిశ్చరైజర్, ఎండకు సన్‌స్క్రీన్, ఇంతకు మించి ముఖానికి ఏమీ వద్దు. పొక్కులకు మందులు లేకపోలేదు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్, గ్లైకాలిక్ యాసిడ్ పనిచేస్తాయి. కానీ నీ చర్మం ఉన్న స్థితిలో అవి ఇప్పుడు మంటే పెంచుతాయి. ఆ పేర్లు ఇక్కడ చదివి షాపుకు పరుగెత్తకు.

తెల్లబడ్డానని సంతోషంగా రాశావు. నీ చామనఛాయలో ఏ జబ్బూ లేదు. ఆ రంగును మార్చుకోవాలన్న ఆలోచన ముందు వదులు.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. చుబుకం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయి. మొదట థ్రెడింగ్, తర్వాత ప్లకింగ్. పొక్కులు, నల్లమచ్చలు మిగిలాయి. ఇప్పుడు ఎవరికీ తెలియకుండా తెల్లవారుజామున రేజర్‌తో గీస్తున్నాను. గీయడం వల్లే మందంగా మొలుస్తున్నాయా? మచ్చలకు క్రీము చెప్పండి. నెలసరి కూడా రెండు మూడు నెలలకోసారి వస్తోంది, అది వేరే విషయం.
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: వేరే విషయం కాదు తల్లీ, అదే అసలు విషయం.

ముందు నీ మనసులో ఉన్న తప్పు చేశానన్న భావన తీసేయి. గీస్తే వెంట్రుక మందంగా రాదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే దీన్ని పరిశీలించి, గీయడం వల్ల వెంట్రుక మందం గానీ పెరిగే వేగం గానీ మారవని చూపించారు. తెగిన కొస సహజమైన కొసలా సన్నబడి ఉండదు కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. నువ్వు చేసినదానిలో పొక్కులకు ఎక్కువ కారణం పీకడం. గీయడమే దానికంటే నయం, వాలు వెంట, మెల్లగా.

ముదురు వెంట్రుకలు, ఆలస్యమయ్యే నెలసరి రెండూ కలిసి వస్తే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. గైనకాలజిస్టును గానీ ఎండోక్రైనాలజిస్టును గానీ కలువు. టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేయిస్తారు. మందులు మొదలుపెట్టాక వెంట్రుకల్లో మార్పు కనిపించడానికి ఆరు నెలలు పడుతుంది, మధ్యలో విసిగి మానేయకు. పెళ్లయి బిడ్డ కోసం చూస్తుంటే ఆ మాట మొదటే చెప్పు, కొన్ని మందులు గర్భంలో వాడకూడదు. గొంతు బొంగురుపోవడం, నడినెత్తిన జుట్టు రాలడం, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరగడం ఉంటే మాత్రం వెంటనే వెళ్లు.

లోపలి కారణానికి వైద్యం మొదలయ్యాక పైన లేజర్ బాగా పనిచేస్తుంది. మచ్చలు ఆ తర్వాత వాటంతటవే పలచబడతాయి. తెల్లవారుజామున ఒంటరిగా అద్దం ముందు ఎంత బాధపడి ఉంటావో నాకు అర్థమవుతుంది. ఇది నీ ఒక్కదానికే ఉన్న బాధ కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. అమ్మకో అక్కకో చెప్పి, తోడు తీసుకుని వెళ్లు.

ప్రశ్న: 52 ఏళ్లు. గడ్డంలో పెద్ద సెగగడ్డలు, చీము. ఈ ఏడాది ఇది మూడోసారి. మంచి బ్లేడు ఏది?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: బ్లేడు సంగతి తర్వాత. రేపు పొద్దున పరగడుపున షుగర్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ చేయించండి. సెగగడ్డలు మాటిమాటికీ వస్తుంటే మధుమేహం ఉందేమో చూడక తప్పదు. ముక్కు కింద, పైపెదవి మీద వచ్చిన గడ్డను చిదమకండి, ప్రమాదం. జ్వరం ఉంటే రేపటిదాకా కూడా ఆగవద్దు.

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు. నూనూగు మీసాలు వచ్చాయి. స్కూల్లో వెక్కిరిస్తున్నారని వాళ్ల నాన్న రేజర్‌తో గీసుకుంటున్నాడు. ముఖమంతా పొక్కులు. ఇంత చిన్న వయసులో గీయవచ్చా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: గీయవచ్చమ్మా. వయసుకు ఇబ్బంది లేదు, నేర్పేవాళ్లు లేకపోవడమే ఇబ్బంది. పొడి ముఖం మీద, దొంగచాటుగా, పాత బ్లేడుతో గీసుకుంటున్నాడని నా అనుమానం. వాళ్ల నాన్నగారిని ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పమనండి. వాడికంటూ ఒక చిన్న ట్రిమ్మర్ కొనివ్వండి. మీరు తిట్టకండి. ఆ వయసు పొక్కుల్లో కొన్ని మామూలు మొటిమలే అయి ఉంటాయి. మచ్చలు పడుతుంటే ఒకసారి చూపించండి.

ప్రశ్న: 20 రోజుల్లో పెళ్లి. మెడంతా పొక్కులు, నల్లమచ్చలు. ఈలోపు లేజర్ చేయించుకుంటే ముహూర్తానికి తగ్గుతాయా? ఖర్చుకు వెనకాడను.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తగ్గవు. మనలాంటి ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ సురక్షితం. మాటిమాటికీ వచ్చే పొక్కులకు అది మంచి వైద్యమే. కానీ నాలుగైదు వారాల ఎడంతో చాలాసార్లు చేయించుకోవాలి. పెళ్లికి మూడు వారాల ముందు మొదటిసారి లేజర్ గానీ పీల్ గానీ ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. చర్మం కమిలితే ఆ మచ్చ మానేదాకా పెళ్లి ఆగదు. తర్వాత కూడా, గడ్డం పలచబడుతుందని తెలిసే చేయించుకోండి. గడ్డం పెంచుకోవాలన్న ఇష్టం ఉంటే లేజర్ జోలికి పోవద్దు.

ఈ 20 రోజుల్లో పొక్కుల వాపు, ఎరుపు చాలావరకు తగ్గించవచ్చు. నల్లమచ్చలు నెలలకు గానీ పోవు, సన్‌స్క్రీన్ రాయకపోతే ఇంకా ముదురుతాయి. పెళ్లికొడుకును చేసే రోజున క్షవరం తప్పదంటే కత్తి పెట్టకుండా ట్రిమ్మర్‌తోనే కానివ్వమని ఇంట్లో పెద్దలకు ముందే చెప్పండి, కాదనరు. కత్తిరించిన పొట్టి గడ్డంతో పీటల మీద కూర్చోండి. ఈ రోజు నుంచే రేజర్ ముట్టుకోకండి.